పులికాట్ పేరు పట్టుకుని

ప్రతి చలికాలం నాయుడుపేట మీదుగా కెమెరాలు దక్షిణానికి తరలిపోతాయి. చెన్నై హైవే పట్టుకున్న కార్లలో కొన్ని దొరవారిసత్రం దగ్గర నేలపట్టుకు మళ్ళుతాయి. మిగతావి సూళ్ళూరుపేట దాకా పోయి, ఎడమకు తిరిగి శ్రీహరికోట రోడ్డెక్కుతాయి. ఆ రోడ్డు పులికాట్ సరస్సు మధ్యలోంచే వేశారు. రెండు పక్కలా పలచటి నీళ్ళు, ఆ నీళ్ళలో ముక్కు ముంచి నడిచే ఫ్లెమింగోల బారులు, రోడ్డు చివర రాకెట్ కేంద్రం. 2001లో మొదలైన ఫ్లెమింగో ఫెస్టివల్ కొన్నేళ్ళు ఆగి 2025 జనవరిలో మళ్ళీ జరిగేసరికి ఈ దారిలో రద్దీ ఇంకా పెరిగింది. పత్రికల్లో గానీ క్యాలెండర్లలో గానీ పులికాట్ అనగానే కనిపించే బొమ్మలు ఎక్కువగా రెండే. ఒకటి గులాబిరంగు పక్షి, రెండోది నిప్పులు కక్కుతూ పైకి లేచే రాకెట్.

అదే పేరు పట్టుకుని మరో విధంగా బయల్దేరవచ్చు. ‘పులికాట్’ అన్న మాట ఎక్కడ వినబడితే అక్కడికి పోవాలి. ఆ పేరున్నది సరస్సైనా, కోటైనా, సమాధైనా, దండెం మీద ఆరేసిన గుడ్డైనా సరే, ఫొటో తీయాలి. ఆ పేరు లేనిదాన్ని వదిలేయాలి. ఈ షరతు పెట్టుకుంటే ఆల్బం సూళ్ళూరుపేట దగ్గర ఆగదు. మలేసియాలో మగవాళ్ళు ఇంట్లో కట్టుకునే గళ్ళ లుంగీ దగ్గరికి, మెక్సికోలో రైతు మెడకు చుట్టుకునే ఎర్ర రుమాలు దగ్గరికి పోతుంది. స్కాట్లండ్ నేతగాళ్ళ పాత లెక్కల పుస్తకాల్లోకీ తొంగిచూడాల్సి వస్తుంది. ఆ ఫొటోలన్నీ పక్కపక్కన పరిస్తే గానీ ఈ తీరం ప్రపంచానికి ఏమిచ్చిందో, బదులుగా దానికి ఏం దక్కిందో అర్థం కాదు.

మొదటి పుట సరస్సుదే. చిలికా తర్వాత దేశంలో అంత పెద్ద ఉప్పునీటి సరస్సు ఇదే. ఉత్తర దక్షిణాలుగా దాదాపు 60 కిలోమీటర్ల పొడవు. నీళ్ళలో ఎక్కువ భాగం ఆంధ్రప్రదేశ్‌లో ఉంది. పేరిచ్చిన ఊరు మాత్రం దక్షిణపు కొసన, తమిళనాడు తిరువళ్ళూరు జిల్లాలో ఉంది. తమిళులు దాన్ని పళవేర్కాడు అంటారు. సరస్సుకు తెలుగువాళ్ళ పాత పేరు ప్రళయకావేరి. ఆ దీవుల బతుకును, అక్కడి మాటను కథలుగా రాసిన స.వెం. రమేశ్ తన పుస్తకానికి ‘ప్రళయకావేరి కథలు’ అని ఆ పేరే పెట్టారు. సూళ్ళూరుపేట పక్కనుంచి కాళంగి, దక్షిణం నుంచి ఆరణి వచ్చి ఇందులో కలుస్తాయి. సముద్రానికీ సరస్సుకూ నడుమ శ్రీహరికోట దీవి పొడుగ్గా అడ్డం పడుకుని ఉంటుంది. సరస్సు లోపల ఇరకం, వేనాడు లాంటి దీవులున్నాయి. ఇరకం పోవాలంటే తడ దగ్గరి భీమునివారిపాలెంలో పడవ ఎక్కాలి. వేనాడు దర్గాకు చుట్టుపక్కల ఊళ్ళ హిందువులు, ముస్లిములు కలిసే పోతారు.

ఈ సరస్సును ఒక్కసారి ఫొటో తీసి ఇదే పులికాట్ అనడానికి వీల్లేదు. ఈశాన్య రుతుపవనాల వానలకు నిండిన సరస్సు ఒకటి, ఎండాకాలంలో ఉత్తరపు భాగం ఎండి ఉప్పు తేలిన నేల ఇంకొకటి. నవంబరులో పడవ తిరిగినచోట మేలో మనిషి నడిచి పోగలడు. పక్షి కోసం వచ్చే కెమెరా మొదటిదాన్నే చూసి వెళ్ళిపోతుంది. వేసవి సరస్సును తీసినవాళ్ళు తక్కువ. వల పట్టుకుని నీళ్ళు ఉన్నచోటికి ఊరు ఊరంతా జరిగే కాలం అది.

ఇక కోట. పోర్చుగీసులు 16వ శతాబ్దం మొదట్లోనే పులికాట్‌లో దిగారు. వందేళ్ళకు డచ్చివాళ్ళు వచ్చారు. వాళ్ళు ఇంత దూరం రావడానికి అసలు కారణం మిరియాలు, లవంగాలు, జాజికాయ. అవి దొరికే ఇండోనేసియా దీవుల్లో వెండి నాణేలకంటే కోరమండల్ బట్టకే గిరాకీ ఎక్కువ. బట్ట ఇస్తేనే సుగంధద్రవ్యం చేతికొచ్చేది. అందుకని ముందు బట్ట దొరికే రేవు సంపాదించుకోవాలి. విజయనగర రాజు రెండో వెంకటపతి రాయల అనుమతితో 1610లో డచ్చి కంపెనీ పులికాట్‌లో స్థిరపడింది. రెండేళ్ళకు పోర్చుగీసులు ఆ స్థావరాన్ని కొల్లగొట్టడంతో, 1613లో అక్కడ కోట లేచింది. దానికి తమ దేశంలోని గెల్డర్‌లండ్ రాష్ట్రం మీద గెల్డ్రియా అని పేరు పెట్టుకున్నారు. 1690లో కేంద్రం నాగపట్నానికి మారేదాకా కోరమండల్ తీరంలో డచ్చి వ్యాపారానికంతటికీ అదే రాజధాని. అక్కడ నాణేలు ముద్రించారు, తుపాకిమందు తయారుచేశారు.

ఆ వ్యాపారంలో తెలుగువాళ్ళ పాత్ర చిన్నదేమీ కాదు. డచ్చి కాగితాల్లో ‘మలయ’ అని కనిపించే అచ్యుతప్ప సెట్టి, ఆయన తమ్ముడు చిన్నన్న సెట్టి తెలుగు బలిజ వర్తకులు. నేత గ్రామాలకు బయానా పంపడం, బట్ట కూడగట్టడం, రాజాస్థానాలతో మాట్లాడి పన్నులు తగ్గించుకోవడం, సొంత ఓడలు నడపడం, అన్నీ వాళ్ళే చూసుకునేవారు. 1634లో అచ్యుతప్ప చనిపోయాక ఆ స్థానం చిన్నన్నకు దక్కింది. డచ్చి గవర్నర్లు మారేవారు గానీ ఈ కుటుంబం పట్టు అంత తొందరగా సడలలేదు. ఫొటో తీయడానికి వీళ్ళ బొమ్మ ఒక్కటీ లేదు. ఊరు ఎలా ఉండేదో ఊహించుకోవాలంటే ఐరోపాలో అచ్చయిన చెక్కుడు బొమ్మలే దిక్కు. అలాంటి వాటిలో పేరున్నది 1672లో ఆమ్‌స్టర్‌డాంలో వచ్చిన ఫిలిపస్ బాల్డేయస్ పుస్తకం.

అదే రేవు నుంచి మనుషులనూ ఎగుమతి చేశారు. కరువు వచ్చిన ఏడల్లా తిండి లేక తమను తాము అమ్ముకున్నవాళ్ళను, అమ్ముడుపోయిన పిల్లలను డచ్చి ఓడలు బటావియాకు, ఇతర స్థావరాలకు బానిసలుగా తీసుకుపోయాయి. ఇప్పుడు కోట ఉన్నచోట మట్టిదిబ్బలు, పొదలు, కందకం ఆనవాళ్ళు మిగిలాయి. ఆ పొదల ఫొటోను చూసేవాళ్ళకు దాని కింద ఈ మాట కూడా రాసి చెప్పాలి.

ఇంగ్లీషువాళ్ళు కూడా 1621లో పులికాట్‌లోనే పాగా వేయబోయారు. డచ్చివాళ్ళతో పొసగక రెండేళ్ళకు వదిలేశారు. ఆ తర్వాత వాళ్ళు వెతుక్కున్న చోటు సరస్సుకు ఉత్తరాన, ఇప్పుడు వాకాడు మండలంలో ఉన్న దుర్గరాజపట్నం. వాళ్ళ రికార్డుల్లో ఆర్మగాన్. 1626 నుంచి అక్కడ బట్టల వ్యాపారం నడిపి, ఫిరంగులు పెట్టి కోట కట్టుకున్నారు. అది కలిసిరాలేదు. అక్కడి అధికారి ఫ్రాన్సిస్ డే 1639లో దక్షిణాన దామర్ల వెంకటాద్రి నాయకుడి దగ్గర కొంత నేలకు అనుమతి సంపాదించాడు. కాళహస్తి ప్రాంతపు తెలుగు నాయకుడు ఇచ్చిన ఆ ఇసుకనేలే మద్రాసు. అక్కడ నగరం పెరిగేకొద్దీ పులికాట్ తగ్గుతూ వచ్చింది. ఆర్మగాన్ పేరైతే పాత పటాలకే పరిమితమైంది.

ఈ ఆల్బంలో అసలు పుటలు బట్టవి. నేసిన నూలుకు రంగు ఎక్కడిదన్న ప్రశ్నతో మొదలుపెడితే దారి శ్రీహరికోటకే తిరిగి వస్తుంది. కోరమండల్ ఎరుపుకు మూలం చిరివేరు. ఇసుకనేలలో పెరిగే చిన్న మొక్క వేరు అది. శ్రీహరికోట అడవిలో దాన్ని తవ్వి తెచ్చినవాళ్ళు యానాదులు. తేనె, మైనం, వనమూలికలతో పాటు చిరివేరు ఏరి ఇవ్వడం వాళ్ళ పని. ఉతికినా వెలవని ఎరుపు ఐరోపావాళ్ళకు అప్పటికి చేతకాని విద్య. ఆ విద్యలో అద్దకంవాడి పనితనం ఎంతుందో, ఎండలో వంగి వేరు తవ్వినవాళ్ళ చెమటా అంతే ఉంది. 1868లో జర్మన్ రసాయనవేత్తలు ఆ ఎర్రరంగు పదార్థమైన అలిజరిన్‌ను ప్రయోగశాలలో తయారుచేయడంతో చిరివేరు బేరం పడిపోయింది.

యానాదుల దగ్గరికి కెమెరా వచ్చింది, అయితే వేరు కోసం రాలేదు. మద్రాసు మ్యూజియం అధికారి ఎడ్గర్ థర్స్టన్ 1909లో ఏడు సంపుటాలుగా వేసిన ‘దక్షిణ భారత కులాలు, తెగలు’లో యానాదుల ఫొటోలున్నాయి. కర్రతో కర్ర రాపాడించి నిప్పు పుట్టిస్తున్న యానాదుల బొమ్మ అందులో ఒకటి. ఆ సంపుటాల ఫొటోల్లో చాలావాటి వెనక ఉన్నది ఆయన సహాయకుడు కె. రంగాచారి. మనుషుల ముక్కులు, తలలు కొలిచి పట్టికలు వేసే కాలం అది. కెమెరా కూడా ఆ కొలతకర్రల్లో ఒకటిగానే పనిచేసింది. నిప్పు చేయడం వింతగా తోచి తీశారు. వాళ్ళు ఏరిన వేరు ఏ దేశాల రుమాళ్ళకు రంగైందో ఫొటోలో పట్టుకోవాలని ఎవరికీ అనిపించలేదు. అరవై ఏళ్ళకు రాకెట్ కేంద్రం వచ్చింది. దీవిలోని యానాది కుటుంబాల్లో చాలామంది ఒడ్డుకు తరలిపోవాల్సి వచ్చింది. 1971 అక్టోబరు 9న రోహిణి-125 అనే చిన్న రాకెట్‌తో ఆ కేంద్రం పని మొదలైంది. 1980 జులై 18న ఎస్‌ఎల్‌వి-3 రోహిణి ఉపగ్రహాన్ని కక్ష్యలో పెట్టాక శ్రీహరికోట ఫొటో అంటే ఆకాశంలోకి చూసేదే అయిపోయింది.

బట్ట ప్రయాణం మాత్రం నిజంగా పెద్దది. పులికాట్ నుంచి పోయిన గళ్ళ గుడ్డలు మలయ్ నేలలో ఎంతగా పాతుకుపోయాయంటే, మగవాళ్ళు కట్టుకునే గళ్ళ లుంగీకి అక్కడ ‘కైన్ పెలికాట్’ అన్నదే పేరు. ఇండోనేసియాలోనూ కొద్ది తేడాతో అదే మాట. సాయంత్రం ఇంటి వరండాలో కూర్చున్నా, శుక్రవారం నమాజుకు పోయినా నడుముకు పెలికాట్ ఉంటుంది. కట్టుకున్నవాళ్ళలో ఆ పేరు ఒక ఊరిదని ఎరిగినవాళ్ళు ఎందరుంటారో గానీ, మాట మాత్రం రోజూ నోట్లో ఆడుతోంది.

పడమటి దిక్కుకు పోయిన గుడ్డ కథలో నెత్తురుంది. ఇంగ్లీషు ఈస్టిండియా కంపెనీ లండన్‌లో వేలం వేసిన సరుకుల్లో రుమాళ్ళకు ఊళ్ళ పేర్లే గుర్తింపు. ‘పులికాట్’ ఒకటి, ‘వెంటపోలం’ ఇంకొకటి. ఈ రెండోది చీరాల పక్కనున్న మన వేటపాలెమే. ఆ తానుల్లో చాలావాటిని అక్కడినుంచి ఆఫ్రికా పడమటి తీరానికి పట్టుకుపోయి, బానిసల కొనుగోలులో చెల్లింపుగా ఇచ్చారు. అట్లాంటిక్ దాటించిన మనుషులు కరీబియన్ చెరకుతోటల్లో మళ్ళీ ఆ గళ్ళ గుడ్డలనే తలకు చుట్టుకున్నారు. గిరాకీ చూసి 18వ శతాబ్దం చివరికి గ్లాస్గో పరిసరాల మగ్గాలు నకలు నేయడం మొదలుపెట్టాయి. అక్కడ నేసినా దానికి ‘పుల్లికాట్’ అనే పేరే ఉంచారు. ఇంగ్లీషు నిఘంటువుల్లో ఆ మాట రంగుల రుమాలు అన్న అర్థంతో ఇప్పటికీ ఉంది. ఊరిపేరు సరుకుపేరై, చివరికి ఆ ఊళ్ళో అడుగుపెట్టని మగ్గానికి కూడా చెల్లిపోయింది.

నైజీరియాలో, నైజర్ నది సముద్రంలో కలిసేచోట ఉన్న కలబరి జనం ఈ గుడ్డకు ఇంకో ప్రాణం పోశారు. దక్షిణ భారతపు గళ్ళ బట్టను వాళ్ళు ‘ఇంజిరి’ అంటారు. పుట్టినప్పుడు, పెళ్ళిలో, చావు ఇంట్లో ఆ బట్టకు చోటుంటుంది. పెద్దవాళ్ళు పోతే శవాన్ని పడుకోబెట్టే గదిని పెట్టెల్లో దాచిన పాత గుడ్డలతో అలంకరిస్తారు. అంతటితో ఆగలేదు. కలబరి ఆడవాళ్ళు నేసిన గుడ్డలోంచి కొన్ని పోగులను సన్నని కత్తితో తెంపి, లాగేసి, గళ్ళలో కొత్త నమూనాలు తెప్పిస్తారు. దాని పేరు ‘పెలెటె బిటె’, అంటే పోగు తెంపిన బట్ట. తెలుగు, తమిళ నేతగాడు పడుగు పేకలతో కలిపినదాన్ని సముద్రం అవతల ఒక ఆడమనిషి విప్పుతూ తన కళ చేసుకుంది. ఈ ఆల్బంలో ఒకే ఒక్క ఫొటోకు చోటుందంటే ఆ చేతిదే తీయాలి.

మెక్సికో ఫొటో అన్నిటికంటే తేలిగ్గా దొరుకుతుంది. అక్కడ రంగుల రుమాలును ‘పలియకాటె’ అంటారు. పోర్చుగీసులు, స్పానిష్‌వాళ్ళు పులికాట్‌ను పలియకాటె అని రాసేవారు. కోరమండల్ నూలుబట్టలు మనీలా చేరి, అక్కడినుంచి స్పానిష్ ఓడల్లో పసిఫిక్ దాటి అకపుల్కో రేవులో దిగేవి. ఆ ఓడల రాకపోకలు 1565 నుంచి 1815 దాకా సాగాయి. ఆ మాటకు స్థానిక నవ్వాటిల్ భాషలోనే మూలం ఉందనేవాళ్ళూ ఉన్నారు. రుమాలు, పేరు రెండూ ఒకే ఓడ దారిలో కనిపిస్తున్నాయి గనుక పులికాట్ వాదనకే బలం ఎక్కువ. మెక్సికో స్వాతంత్ర్య పోరాట నాయకుడు హొసే మారియా మొరెలోస్‌ను ఎక్కడ చూసినా తలకు గుడ్డ చుట్టుకునే ఉంటాడు. ఏళ్ళ తరబడి వాళ్ళ యాభై పెసోల నోటు మీద ఆ తలగుడ్డతోనే కనిపించాడు. 1994 జనవరి 1న చియాపాస్‌లో తిరగబడ్డ జపాటిస్టా ఆదివాసులు ముఖాలకు కట్టుకున్న ఎర్ర రుమాలూ పలియకాటెయే. ఆ ఫొటోలు ప్రపంచమంతా తిరిగాయి. సూళ్ళూరుపేటలో వాటిని చూసినవాళ్ళకు ఆ గుడ్డ పేరు పక్క సరస్సుదని తెలిసే దారి లేకపోయింది.

నెల్లూరు పేరు కూడా ఇలాగే పోయిందని ఇక్కడివాళ్ళు గర్వంగా చెప్పుకుంటారు. నిజమే. ఒంగోలు అప్పట్లో నెల్లూరు జిల్లాలో ఉండేది. ఒంగోలు గిత్తలు బ్రెజిల్‌లో ‘నెలోర్’ జాతి అయ్యాయి. ఆ దేశపు మాంసపు పశుసంపదలో సింహభాగం వాటి సంతతే. ఎద్దు సంగతి జిల్లాలో చాలామందికి తెలుసు, రుమాలు సంగతి తెలియదు. ఎద్దు కళ్ళెదుట ఇంకా ఉంది. రుమాలు నేసిన మగ్గం ఈ సరస్సు ఒడ్డున లేదు.

మద్రాసు పెద్దదయ్యాక ఆ గుడ్డ ‘మద్రాస్ హ్యాండ్‌కర్చీఫ్’ అయింది. ఎగుమతిదారు ఎక్కడ కూర్చుంటే సరుకుకు ఆ ఊరి పేరు వచ్చింది. పని మాత్రం ఊళ్ళలోనే సాగింది. చీరాల వైపు మగ్గాల మీద ఎగుమతి రుమాళ్ళు నేస్తూ వచ్చారు. నూలును నూనెలో, బూడిదనీటిలో మళ్ళీ మళ్ళీ నానబెట్టి ఎరుపు, నలుపు పట్టించే తేలియా రుమాలు వాటి చుట్టమే. అది గల్ఫ్ దేశాలకు పోయేది. ఇప్పుడు ఆ నేతకు పేరున్న ఊరు తెలంగాణలోని పుట్టపాక.

పులికాట్ ఊళ్ళో మిగిలిన డచ్చి సమాధులను ఫొటో తీయనివాళ్ళు లేరు. ద్వారం దగ్గర రాతి మీద చెక్కిన అస్థిపంజరాలు వచ్చినవాళ్ళనల్లా ఆపేస్తాయి. ఇప్పుడా శ్మశానం పురావస్తు శాఖ రక్షణలో ఉంది. డేనియల్ హావర్ట్ అనే డచ్చి రచయిత 1693లోనే అక్కడి సమాధుల మీది రాతలను పుస్తకంలోకి ఎక్కించాడు. పురావస్తు శాఖ తరఫున అలెగ్జాండర్ రీ మద్రాసు రాజధానిలోని డచ్చి కట్టడాల మీద బొమ్మల ఫలకాలతో ఒక పెద్ద పుస్తకం తెచ్చాడు. అది 1897లో అచ్చయింది. సమాధి రాళ్ళ మీది కుటుంబ చిహ్నాలు, అక్షరాలు అందులో శ్రద్ధగా కనిపిస్తాయి. ఒక వలస కంపెనీ మృతులకు దక్కిన ఆ శ్రద్ధలో పదో వంతు ఆ కంపెనీ కొన్న బట్టను నేసినవాళ్ళకు దక్కలేదు.

బట్టను పట్టించుకున్న ఒక ప్రయత్నం 1866లో జరిగింది, అయితే ఉద్దేశం వేరు. లండన్‌లోని ఇండియా మ్యూజియం అధికారి జాన్ ఫోర్బ్స్ వాట్సన్ భారతీయ నేత బట్టల్లోంచి 700 ముక్కలు కత్తిరించి 18 సంపుటాల్లో అంటించాడు. లుంగీలు, రుమాళ్ళు, తలపాగాలు, చీరలు అన్నీ అందులో ఉన్నాయి. అలాంటివి 20 జతలు చేయించి, పదమూడు బ్రిటన్‌లో పెట్టి, ఏడు ఇండియాకు పంపారు. భారతీయులకు ఏది నచ్చుతుందో మాంచెస్టర్ మిల్లు యజమానులు ఇంట్లో కూర్చుని చూసుకోవడానికే అదంతా. నమూనాను దగ్గర పెట్టుకుని మరలతో నేసి తిరిగి ఇక్కడే అమ్మారు. అయినా ఈ తీరం నేత ఎలా ఉండేదో తెలుసుకోవాలంటే ఆ సంపుటాల మీదికి కెమెరా వంచడం కంటే మంచి మార్గం లేదు.

ఇంటిదగ్గర తీయాల్సినవీ చాలా ఉన్నాయి. సరస్సు వెంబడి పోయే బకింగ్‌హాం కాలువ 1806లో మద్రాసు దగ్గర మొదలై, ముక్కలు ముక్కలుగా ఉత్తరానికి పెరిగింది. 1875 నుంచి 1880 దాకా మద్రాసు గవర్నరుగా ఉన్న బకింగ్‌హాం డ్యూక్ పేరు దానికి పెట్టారు. శ్రీహరికోట కట్టెలు, తీరపు ఉప్పు ఆ దారినే పడవల మీద మద్రాసు చేరేవి. 1899లో మద్రాసు నుంచి బెజవాడకు రైలు దారి కలిశాక కాలువ సరుకు నాయుడుపేట, సూళ్ళూరుపేట స్టేషన్లకు మళ్ళుతూ వచ్చింది. ఇప్పుడు చాలాచోట్ల ఆ కాలువ గట్లు కరిగి నీళ్ళలో కలిసిపోయాయి. నేలపట్టులో, నీటిలో నిలబడ్డ కడప చెట్ల మీద గూడబాతులు గూళ్ళు కడతాయి. 1976లో అభయారణ్యం అయ్యేదానికి ముందునుంచీ ఆ పక్షులను ఊరివాళ్ళే కాపాడుకున్నారు. పక్షుల రెట్ట కలిసిన చెరువునీళ్ళు పొలానికి ఎరువని వాళ్ళకు తెలుసు. ఆ పొలాన్ని, పక్షిని ఒకే ఫ్రేములో పెట్టిన ఫొటోలు అరుదు.

అన్నిటికంటే ముందు తీయాల్సింది రాయదొరువు. సరస్సు ఉత్తరపు నీళ్ళు సముద్రంతో కలిసే ముఖద్వారం అది, ఇసుక మేటలతో పూడిపోతూ వస్తోంది. సముద్రపు నీరు లోపలికి రాకపోతే చేప రాదు, రొయ్య రాదు, సరస్సు ఎండే రోజులు పెరుగుతాయి. పూడిక తీయమని ఈ ఒడ్డు జాలర్లు ఎన్నో ఏళ్ళుగా అడుగుతున్నారు. నాయుడుపేట నుంచి చిట్టమూరు, వాకాడు మీదుగా అక్కడికి పోవచ్చు. ఆటుపోట్లు రెండూ చూసుకుని, ఒకేచోట నిలబడి, నెలకోసారి తీసినా ఏడాదిలో పన్నెండు జతల ఫొటోలవుతాయి. ఇసుక ఎటునుంచి ఎటు జరుగుతోందో, నీటిదారి ఏ నెలలో మూసుకుపోతోందో జాలర్లు నోటితో చెప్పేది అధికారుల బల్ల మీద కాగితమై పరుచుకుంటుంది.